ట్రూడీ ఊపిరికి నా సాక్ష్యం

మా అక్క కూతురు ట్రూడీ లైకర్ ఇంతవరకూ ఒక్క చేపను కూడా పెంచి చెప్పలేదు. దానికి తొమ్మిదేళ్లప్పుడు ఇద్దరం పశువుల చెరువులో గాలం వేస్తే ఒకే ఒక్క చేప పడింది. తిరిగొచ్చేటప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఆగేసరికి ఆ చేప నా రెండు చేతుల మధ్య గజం పొడవైంది. కాఫీ కొట్టు చేరేసరికి మా పడవను రెండు చుట్లు తిప్పింది. మాకు పడవ లేదు. ట్రూడీ నా పక్కనే నిలబడి, జేబులోంచి కొలత టేపు తీసి చూసుకుని, "పదకొండున్నర అంగుళాలు," అంది. అక్కడున్నవాళ్లు దాని మాటే నమ్మారు. పన్నెండేళ్లుగా నా డబ్బుతో కాఫీ తాగుతున్నవాళ్లు.

మా ఇద్దరిదీ ఒకే రక్తమంటే పశ్చిమ కాన్సస్ మొత్తంలో ఎవరూ ఒప్పుకోరు. మా అక్క మార్లా అసలే ఒప్పుకోదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి, తర్వాత పనికొస్తాయి. పదకొండో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. నాకు నేర్పడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదు, ఊరికే వాళ్లను మొహమాటపెట్టడం ఎందుకని మానేశాను. అప్పటినుంచి గోధుమ లారీ తోలుతున్నాను. ఏటా ఆగస్టులో మా కౌంటీ జాతరలో అబద్ధాల పోటీ పెడతారు. అందులో ఆరుసార్లు మొదటి బహుమతి నాదే. ఆరు చెక్క ఫలకాలు నా వంటింటి గోడ మీద వరసగా ఉంటాయి. నాకు ముందు ఆరుసార్లు గెలిచినవాడు ముసలి ఎల్‌రాయ్ ఒక్కడే. ఆయన పోయాడు. అంటే బతికున్నవాళ్లలో నాకు సాటి లేదు, చచ్చినవాళ్లలో సాటి ఒక్కడే.

ఇక ట్రూడీ సంగతి. దానికి పదకొండేళ్లప్పుడు పెద్ద మంచు పడింది. మందలు పొలాల్లోనే ఇరుక్కుపోతే, మేత జారవిడవడానికి సైన్యం హెలికాప్టరొకటి వచ్చి బడి మైదానంలో దిగింది. తోలేది ఒక ఆడమనిషి. మా అక్క ఆవిడకు గొడ్డుమాంసం, క్యాబేజీ కూరిన వేడి బన్నులు రెండు ఇచ్చింది. మేం వాటిని బీరాక్‌లు అంటాం. ఆవిడ అవి తింటుంటే ట్రూడీ ఎదురుగా నిలబడి, ఈ పని రావాలంటే ఏం చేయాలో వరసగా చెప్పమంది. ఆవిడ నోట్లో ముద్దతోనే చెప్పింది: లెక్కలు, పరుగు, ఏదో ఒక ఆటలో జట్టు నాయకత్వం, కాంగ్రెస్ సభ్యుడి సిఫారసు, సైనిక అకాడమీ ప్రవేశం, ఆరోగ్యం. ట్రూడీ ఇంటికెళ్లి దాణా సంచి వెనకవైపు అదే వరసలో రాసి, సామాన్ల గది తలుపు లోపల అంటించింది. చివరనున్న ఆరోగ్యం అన్నిటికన్నా సులువనుకుంది.

ఏడేళ్లలో ఒక్కొక్కటే టిక్కు పడుతూ వచ్చింది. పొద్దున్నే ఐదున్నరకు లేచి ధాన్యం గిడ్డంగి దాకా పరిగెత్తి వెనక్కి వచ్చేది, నాలుగు మైళ్లు. నాలుగంటే నాలుగే. ఒకరోజు రోడ్డు పని వల్ల మూడు ముప్పావు మాత్రమే అయితే, మిగతా పావు మైలు మా అక్క దొడ్డి చుట్టూ తిరిగి పూర్తిచేసింది. కుక్క కూడా విసిగి పడుకుంది.

పన్నెండో తరగతి నవంబరులో, మేమంతా భోజనానికి కూర్చున్నప్పుడు, సైన్యం వైద్య బోర్డు నుంచి మెయిల్ వచ్చింది. ట్రూడీ ఫోన్లో చదివింది.

"అనర్హురాలు," అంది. "కారణం: ఉబ్బసం. పదమూడో పుట్టినరోజు తర్వాత చికిత్స."

"ఎవరికి ఉబ్బసం?" అంది మా అక్క.

"నాకంట."

"నీకెక్కడిదే? ఎవరిదో కాగితం నీ దాంట్లో కలిసిపోయి ఉంటుంది. రేపు క్లినిక్‌కి వెళ్లి అడుగుతా."

నేను అప్పుడు రెండో బీరాక్ తింటున్నాను. 'చికిత్స' అన్న మాట వినగానే నాకు మొత్తం అర్థమైంది. మూడోది కూడా తిన్నాను.

మర్నాడు సాయంత్రం మా అక్క క్లినిక్ కాగితాలు తెచ్చి, నన్ను పిలిపించి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివింది. "రోగి నెలలు నిండకుండా పుట్టింది. విచిటాలో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మూడు నిమిషాలు గుండె ఆగింది. అప్పటినుంచి ఉబ్బసం. ఈ వివరాలు చెప్పినవారు: మేనమామ."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఒరే," అంది.

అంతే. తన యాభై ఏళ్ల జీవితంలో మా అక్క నన్ను అంత తక్కువ తిట్టడం అదే మొదటిసారి.

జరిగింది ఇది. ట్రూడీకి పద్నాలుగేళ్లు, జులై నెల. గోధుమ కోతల చివరి రోజుల్లో నాతోపాటు గిడ్డంగిలో ధాన్యం గది ఊడ్చింది. దుమ్ము. దగ్గడం మొదలుపెట్టింది, ఆగలేదు. దాని అమ్మా నాన్నా ఇంకో పొలంలో మిషన్ల మీద ఉన్నారు. మా ఊళ్లో కోతలప్పుడు పిల్లకు జబ్బు చేస్తే, చేతులు ఖాళీగా ఉన్న పెద్దవాడు ఎవడైతే వాడే తీసుకెళ్తాడు, కాగితాలూ వాడే నింపుతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రోజు ఖాళీగా ఉన్నవాణ్ని నేను. క్లినిక్‌లో చూస్తే కూర్చోవడానికి కుర్చీ లేదు. వేలు తెగినవాళ్లు, వడదెబ్బ తగిలినవాళ్లు, కనీసం మూడు గంటల పని. ఆరింటికి పక్క కౌంటీ జాతరలో పాత కార్లతో ఢీకొట్టుకునే పోటీ. అందులో నా కారుంది. తోలాల్సింది నేను.

"ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లను ముందు చూస్తాం," అంది నర్సు, ఎవరితోనో.

నేను వెళ్లి ట్రూడీ ఊపిరి గురించి చెప్పాను. ఆ ఊపిరితిత్తులు పుట్టినప్పుడు రెండు అక్రోట్లంత ఉన్నాయన్నాను. మూడు నిమిషాలు గుండె ఆగిపోతే నేను మంచం పక్కన నిలబడి ఒక జోకు చెప్పాననీ, అది విని పిల్ల నవ్వి ఊపిరి తీసుకుందనీ, అప్పటినుంచి ఉబ్బసమనీ చెప్పాను. నర్సు అక్రోట్లూ జోకూ తప్ప మిగతాదంతా టైపు చేసుకుంది. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, దుమ్ము వల్లే అనిపిస్తోంది గానీ ఇంత చరిత్ర ఉంది కాబట్టి ఎందుకైనా మంచిదని ఒక ఇన్‌హేలర్ రాశాడు. నలభై నిమిషాల్లో బయటపడ్డాం. పోటీలో నాకు మూడో స్థానం వచ్చింది. ట్రూడీ దగ్గు మర్నాటికి పోయింది. ఆ ఇన్‌హేలర్ నా ట్రక్కు సొరుగులోనే ఉండిపోయింది. ఒక చలికాలం తలుపు తాళం గడ్డకట్టుకుపోతే అందులోకి రెండుసార్లు కొట్టి చూశాను. పనిచేయలేదు.

"అక్కా, నేను..." అన్నాను.

"నువ్వు మాట్లాడకు," అంది మార్లా. "నీ మాటల వల్లే ఇక్కడిదాకా వచ్చాం. తొమ్మిది పౌన్ల పిల్లరా అది. పది రోజులు ఆలస్యంగా పుట్టింది. నెలలు నిండకపోవడమా? నన్నడుగు చెప్తా."

ట్రూడీ మాత్రం కాగితం తనవైపు తిప్పుకుని మళ్లీ మొత్తం చదివింది. "అక్రోట్లన్న మాట ఇందులో లేదు మామా," అంది. "కాస్త నయం."

దాని చివరి టిక్కు ఇప్పుడు, ఉబ్బసం అని రాసి ఉన్నా ఫర్వాలేదనే మినహాయింపు మీద ఆధారపడింది. ఆ మినహాయింపు మనం అడిగితే ఇచ్చేది కాదు. అకాడమీకి నువ్వు కావాలనిపిస్తే అకాడమీ వాళ్లే అడగాలి. నువ్వు కూర్చుని వెబ్‌సైట్ చూసుకోవాలి. అకాడమీ అడిగింది. డిసెంబరులో ట్రూడీని పెద్ద ఊరి ఆసుపత్రికి పంపి, ఉబ్బసం ఉంటే ఊపిరి బిగిసిపోయే మందు పీల్పించి పరీక్ష చేయించారు. ఊపిరి బిగియలేదు. కొలిస్తే దాని వయసువాళ్లకు ఉండాల్సినదాంట్లో నూటనాలుగు శాతం. ఈ అంకె నేను చెప్పింది కాదు, ఆసుపత్రి ముద్ర ఉంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. జనవరిలో బోర్డు రాసింది: విచిటాలో తొమ్మిది రోజులున్న ఆసుపత్రి రికార్డులు పంపండి.

ట్రూడీ విచిటాలోని ఆసుపత్రులన్నిటికీ రాసింది. ఆ పేరుతో రోగి ఎవరూ లేరని అన్నీ జవాబిచ్చాయి. ఆ జవాబులన్నీ కలిపి బోర్డుకు పంపింది. బోర్డు తిరిగి రాసింది: మీరు పంపిన రికార్డులు అసంపూర్తిగా ఉన్నాయి, దయచేసి ఆసుపత్రి రికార్డులు పంపండి. మా అక్క తన ప్రసవం గురించి రెండు పేజీలు రాసి పంపింది. అందులో కొన్ని వాక్యాలు సైన్యం చదవదగినవి కావు. తల్లి మాట వైద్య రికార్డుకు విరుద్ధంగా ఉంది కాబట్టి సరిపోదన్నారు. ఆ వివరాలు చెప్పిన మనిషి వాంగ్మూలం గానీ, ఆ కాలం నాటి ఏదైనా ఆధారం గానీ కావాలన్నారు.

"ఆ మనిషి అంటే నేనేగా," అన్నాను. "రాసేస్తా."

రాశాను. పదకొండు పేజీలైంది. ట్రూడీ నా వంటింటి బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చుంది.

"ఈ పిడుగు ఎక్కడిది మామా?"

"ఆ రోజు మబ్బు పట్టింది."

"పిడుగు పడిందా?"

"పడలేదనుకో."

గీత కొట్టింది. పిడుగు పోయింది, కార్ల పోటీలో నాకొచ్చిన మూడో స్థానాన్ని మొదటి స్థానం అని రాస్తే, అదీ సరిదిద్దింది. చివరికి పదకొండు పేజీలు ఏడు వాక్యాలయ్యాయి. నా జీవితంలో అంత బోసిగా ఎప్పుడూ కనబడలేదు.

"ఇది వాళ్లు నమ్ముతారా?" అంది మా అక్క. "ముందు అబద్ధం చెప్పానని ఇప్పుడు చెప్తున్నాడు. ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదని ఎవరు చెప్పాలి? నేనైతే నమ్మను. వీణ్ని నలభై ఏడేళ్లుగా చూస్తున్నా."

ట్రూడీ టేపు తీసి కొలవడానికి ఏమైనా ఉందా అన్నట్టు గోడ మీది ఫలకాల కేసి చూసింది. తర్వాత, "ఆ ఏడాది జాతరలో నువ్వేం చెప్పావు మామా?" అంది.

నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

మా పోటీలో గెలిచిన అబద్ధాన్ని మా ఊరి వారపత్రిక మొత్తం అచ్చు వేస్తుంది. పాత సంచికలు గ్రంథాలయంలో కుట్టి పెడతారు. మర్నాడు ట్రూడీ ఆ పేజీ నకలు తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టింది. క్లినిక్‌కి వెళ్లిన మూడో వారం నాటిది. పైన నా ఫోటో, ఫలకంతో. కింద కథ: నెలలు నిండని పిల్ల, విచిటా, తొమ్మిది రోజులు, మూడు నిమిషాల గుండె, రెండు అక్రోట్లు, జోకు. క్లినిక్‌లో అంత బాగా పనిచేసిన కథను ఒక్కసారే వాడి పారేయడం నాకు చేతకాలేదు. కాస్త మెరుగుపెట్టి జాతరలో చెప్పాను. నా ఐదో బహుమతి దానికే వచ్చింది.

"తేదీ ఉంది," అంది ట్రూడీ. "'ఈ ఏటి ఉత్తమ అబద్ధం' అని పైనే అచ్చు వేశారు. వాళ్లడిగిన ఆ కాలం నాటి ఆధారం ఇదే."

"అంతేగా. పంపేద్దాం," అన్నాను, గోడ వైపు చూడకుండా.

"నాలుగో నిబంధన ఉంది కదా మామా."

ఉంది. పోటీలో చెప్పే అబద్ధాన్ని అంతకుముందు ఎవరూ నిజమని నమ్మి ఉండకూడదు. ఒకడు పశువుల సంతలో తన ఎద్దు గురించి చెప్పి ఒక కొనుగోలుదారుణ్ని నమ్మించిన కథే తెచ్చి పోటీలో చెప్పి గెలిస్తే, అది వ్యాపారం అవుతుంది గానీ అబద్ధం కాదని నేనే గొడవ చేశాను. ఆ నిబంధన పెట్టించినవాణ్ని నేనే. మొదటి ముసాయిదా నా చేతిరాతలోనే ఉంటుంది. ఇప్పుడు నర్సూ, డాక్టరూ నమ్మారని ప్రమాణం చేసి సంతకం పెడితే, నా ఆరు ఐదవుతాయి. ఎల్‌రాయ్ సమాధిలో ఒత్తిగిలి హాయిగా పడుకుంటాడు.

ట్రూడీ పంపమని అడగలేదు. అది అడగదు. ఆ నకలు బల్ల మీదే పెట్టి, "నీ ఇష్టం మామా. ఆరంటే ఆరే కదా," అని పరుగుకు వెళ్లిపోయింది. నేను చాలాసేపు గోడకేసి చూశాను. వరసలో ఐదోది కొంచెం వంకరగా ఉంది. సరిచేశాను. తర్వాత దాన్నే మేకు నుంచి తీసి సంచిలో వేసుకున్నాను.

మా ఊళ్లో నోటరీ బ్యాంకులో ఉంటుంది. పేరు లువాన్ వెర్త్. బడిలో నా వెనక బెంచీ. జాతర కమిటీ కార్యదర్శీ, అబద్ధాల పోటీకి న్యాయనిర్ణేతా కూడా ఆవిడే. ఊరు చిన్నది, కుర్చీలు తక్కువ.

"కుడిచెయ్యి ఎత్తు డ్వేన్," అంది.

ఎత్తాను.

"ఇందులో రాసింది నిజమని ప్రమాణం చేస్తున్నావా?"

"చేస్తున్నా."

"ఒక్క నిమిషం. ఈ మాట నీ నోటి నుంచి వినడం ఇదే మొదటిసారి, కాస్త తేరుకోనీ." వెనకనున్న అమ్మాయితో అంది, "టైము రాసుకోవే, పదింపావు."

"ముద్ర వెయ్యి లువాన్."

"నేను చూసేది సంతకం పెట్టింది నువ్వేనా అని. రాసింది నిజమా కాదా నాకు సంబంధం లేదు. లేకపోవడం నా అదృష్టం." ముద్ర వేసింది. వేశాక కాగితం తనవైపు తిప్పుకుని, చదవకూడదు గానీ, చదివింది. వార్తాపత్రిక నకలూ చదివింది. కళ్లద్దాల పైనుంచి చూసింది. "నాలుగో నిబంధన," అంది.

"తెలుసు. నేనే రాయించా."

"సోమవారం లోపు ఆ ఫలకం కమిటీకి తిరిగి ఇచ్చేయాలి."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. లువాన్ దాన్నీ నన్నూ చూసింది. సొరుగులో పెట్టి తాళం వేసింది. అదృష్టవంతురాలు, ఆ తాళం గడ్డకట్టదు.

అప్పటినుంచి ఎదురుచూపులు. రోజూ సాయంత్రం నాలుగింటికి ట్రూడీ వెబ్‌సైట్ తెరిచేది. 'సమీక్షలో ఉంది' అని ఉండేది. మూసేది. మార్చి అంతా సమీక్షలో ఉంది. ఏప్రిల్ సమీక్షలోనే మొదలైంది. ఇక్కడికి గంట దూరంలోని కాలేజీ వాళ్లు వాలీబాల్ ఆడితే ఫీజు లేకుండా చేర్చుకుంటామన్నారు, మే ఒకటిలోగా అవునో కాదో చెప్పమన్నారు. అకాడమీ నుంచి మాట రాకపోతే అదైనా చేతిలో ఉంటుంది. ట్రూడీ ముందు ఆ కాగితం పెట్టి మా అక్క, "ఇది సంతకం పెట్టేయవే," అనేది. "ముప్పయ్యో తారీకు పెడతా," అనేది ట్రూడీ. అకాడమీ మీద ఆశ ఉండగా ముందే పెడితే అబద్ధం చెప్పినట్టవుతుందని దాని బాధ.

కాఫీ కొట్టులో అందరూ నన్నే అడిగేవాళ్లు. "ఊపిరి వచ్చిందా డ్వేన్?" అని. సైన్యం నా వాంగ్మూలం చదివి ముగ్గురు జనరళ్లను మా ఊరికి పంపుతోందని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నాకు కొంచెం ఊరట కలిగింది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన పక్క ఊళ్లో పరుగు పోటీలు. ట్రూడీది రెండు మైళ్ల పరుగు. అది గీత దగ్గర నిలబడింది, దాని ఫోను మా అక్క ఒళ్లో ఉంది. తుపాకీ పేలడానికి అర నిమిషం ముందు ఫోను మోగింది. తెర మీద ఒక ముక్క: మీకు కొత్త సందేశం ఉంది. తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ దానికి తప్ప ఎవరికీ తెలియదు.

తుపాకీ పేలింది.

"పిలువురా దాన్ని," అంది మార్లా.

"ఎక్కడికక్కా? పరిగెడుతోంది."

"ఎన్ని చుట్లు?"

"ఎనిమిది."

"దేవుడా. దాని పుట్టినరోజు కొట్టి చూడు."

కొట్టాను. తప్పన్నది. కుక్క పేరు కొట్టాను. తప్పన్నది. ఇంకొక్కసారి తప్పయితే తలుపు మూసుకుంటానన్నది. మార్లా ఫోను లాక్కుని రెండు చేతులతో గుండెకు నొక్కి పట్టుకుంది. ట్రూడీ రెండో చుట్టు, మూడో చుట్టు, నాలుగో చుట్టు మా ముందు నుంచే వెళ్లింది. మేం చెయ్యి ఊపితే, ఉత్సాహపరుస్తున్నాం అనుకుని తల ఆడించింది. నేను ఆ పన్నెండు నిమిషాల్లో ఒక్క కథ కూడా చెప్పలేదు. పక్కనున్న పెద్దాయన నాకు ఒంట్లో బాగుందా అని అడిగాడు.

రెండో స్థానంలో వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నిలబడి, ఊపిరి తీసుకుని వచ్చింది. నూటనాలుగు శాతం ఊపిరి, నేను దగ్గరుండి చూశాను. ఫోను తీసుకుని టకటకా కొట్టింది. చదివింది.

"మంజూరైంది," అంది.

"ఏది?" అంది మార్లా, ఇంకేదో ఉండవచ్చన్నట్టు.

"మినహాయింపు. జులై ఒకటిన రమ్మన్నారు." ఫోను తిరిగి తల్లి చేతిలో పెట్టింది. "నా టైమెంతమ్మా?"

మేమిద్దరం చూడలేదు. అది మా మీద కోపం తెచ్చుకున్నది ఆ ఆరు నెలల్లో అప్పుడొక్కసారే. టైము రాసేవాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి కనుక్కుని వచ్చింది. పన్నెండు నిమిషాల ఆరు సెకన్లు. ఇంటికి వెళ్లి సామాన్ల గది తలుపు తీసి, చివరి మాట పక్కన టిక్కు పెట్టింది. మా అక్క ఆ తలుపు పట్టుకుని కాసేపు లోపలే ఉండిపోయింది, ఉప్పు వెతుకుతున్నానంది. ఉప్పు పొయ్యి పక్కనే ఉంది.

ఆగస్టు జాతరలో నేను మళ్లీ పోటీకి నిలబడ్డాను. నా మాటను నమ్మి సైన్యం ఒక పిల్లను తీసుకుందని చెప్పాను, ఒక్క ముక్క కూడా కలపకుండా. గుడారం పగిలిపోయేలా చప్పట్లు కొట్టారు. అంత పెద్ద అబద్ధం ఎప్పుడూ వినలేదన్నారు. చప్పట్లు ఆగాక లువాన్ లేచింది. "దీని మీద ముద్ర వేసింది నేనే," అంది. "ఇది నిజం. పోటీకి పనికిరాదు." బహుమతి ఒక పందుల వ్యాపారికి ఇచ్చారు.

ట్రూడీ దగ్గర్నుంచి ఉత్తరం సెప్టెంబరులో వచ్చింది. ఆరు వరసలు. రెండు మైళ్లకు పన్నెండు నిమిషాల యాభై సెకన్లనీ, బూట్లతో కాబట్టి ఎక్కువనీ రాసింది. తిండి బాగుందట, బీరాక్‌లు లేవట. పై వాళ్లు ఏదైనా అడిగితే కొత్తవాళ్లు చెప్పడానికి నాలుగే జవాబులుంటాయట: అవును, కాదు, సాకు లేదు, అర్థం కాలేదు. ఐదోది చెప్పకూడదట. నీ వాంగ్మూలం గురించి ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు మామా, అని చివర రాసింది.

ఖాళీ అయిన ఐదో మేకుకు ఆ ఉత్తరం తగిలించాను. వచ్చినవాళ్లకు నేనే తీసి చదివి వినిపిస్తాను, ఆరు వరసలు ఇప్పటికి పదకొండయ్యాయి. చేతికి మాత్రం ఇవ్వను.